మహమ్మారి లెక్కల్లో ఇల్లు

"మహమ్మారికి బీదా గొప్పా తేడా లేదు" అన్న మాట 2020లో మనం వినీ వినీ విసిగిపోయాం. పాలకులన్నారు, సినిమావాళ్ళన్నారు, టీవీల ముందు కూర్చున్న వేదాంతులన్నారు. మన కవుల్లోనూ కొందరు కరోనాను సమతావాదిని చేసి గేయాలు కట్టారు. ఈ మాట కొత్తది కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని చుట్టబెట్టినప్పుడు కూడా అమెరికాలో జనం నోట ఇదే మాట. అందులో నిజమెంతో తేల్చింది మాత్రం కవీ కాదు, తత్వవేత్తా కాదు. ఇంటింటికీ తిరిగి నింపిన ఒక ప్రభుత్వ ఫారం, అందులోని ఒకే ఒక్క గడి ఆ పని చేశాయి.

సాహిత్య విమర్శ పత్రికలో ఈ గణాంకాల గోల ఎందుకని పాఠకులకు అనిపించవచ్చు. నా ఉద్దేశంలో సర్వే ఫారం కూడా ఒక రచనే. రాజ్యం ఒక ఇంటిని గురించి రాసే రచన అది. ఎవరు అడుగుతున్నారు, ఎవర్ని అడుగుతున్నారు, ఏ మాటల్లో అడుగుతున్నారు, ఏది అడగకుండా వదిలేస్తున్నారు అన్న ప్రశ్నలు నవలకు ఎంత వర్తిస్తాయో దీనికీ అంతే వర్తిస్తాయి. పైగా నవలలోని అబద్ధం ఆ పుస్తకంతో పోతుంది. ఫారంలోని మౌనం చరిత్రగా మిగిలిపోతుంది.

1918 చివర్లో అమెరికా ప్రజారోగ్యశాఖ బాల్టిమోర్‌లోనూ, మేరీలాండ్ రాష్ట్రంలోని చిన్న చిన్న వూళ్ళలోనూ, ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో దాకా మరికొన్ని పట్టణాల్లోనూ ఇంటింటి సర్వే జరిపించింది. దీన్ని నడిపినవాళ్ళు ఇద్దరు. వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్ అనే వైద్యుడొకడు, ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అనే గణాంక శాస్త్రజ్ఞుడొకడు. లక్షమందికి పైగా జనం వివరాలు సేకరించారు. ఇంట్లో ఎందరున్నారు, వయసెంత, ఎవరికి జ్వరం తగిలింది, ఏ తేదీన, న్యుమోనియా అయిందా, ఎవరైనా పోయారా, ఇంటికి గదులెన్ని - ఇవీ ప్రశ్నలు. వీటన్నిటి పక్కన ఇంకొక గడి వుంది. ఇంటివాళ్ళను అడగకుండా, సర్వేకు వెళ్ళిన మనిషే తన కంటికి తోచినదాన్నిబట్టి నింపవలసిన గడి అది. అందులో రాయడానికి నాలుగే మాటలు: కలిగినవారు, మధ్యస్థులు, పేదలు, నిరుపేదలు.

శాస్త్రీయత దృష్ట్యా చూస్తే ఇది చాలా నాసిరకం పద్ధతి. గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూసి ఒక సంసారం స్థితిగతులు తేల్చెయ్యడం ఏం కొలత? తెర శుభ్రంగా వుంటే మధ్యస్థులు, పిల్లవాడి చొక్కా చిరిగివుంటే పేదలు - ఇలాగే జరిగివుండాలి. ఒకే ఇంటిని ఇద్దరు మనుషులు రెండు రకాలుగా రాసివుండవచ్చు. సైడెన్‌స్ట్రికర్‌కు ఈ సంగతి తెలుసు. అయినా ఆ గడిని పారెయ్యలేదు. 1931 జనవరిలో ఆ శాఖ పత్రికలో ఆయన ప్రచురించిన వ్యాసంలో తేలిందేమిటంటే, కలిగినవారి నుంచి నిరుపేదల దాకా ఒక్కొక్క మెట్టు దిగేకొద్దీ జ్వరం తగిలినవారి నిష్పత్తి పెరుగుతూ పోయింది. చావుల్లోనూ నిరుపేదలదే పైచెయ్యి. ఇరుకు గదులవల్లనే ఇలా అయిందేమోనని గదికి ఎంతమందో లెక్కకట్టి సరిచేసి చూశాడు. తేడా కొంత తగ్గింది గాని పోలేదు. వ్యాధి బీదా గొప్పా చూడలేదన్న జనవాక్యం అక్కడితో తప్పయిపోయింది.

వివరాలు సేకరించింది 1918, 19లలో. ఈ వ్యాసం వెలుగు చూసింది 1931లో, ఆర్థిక మాంద్యం అమెరికాను నిలువునా కుదిపేస్తున్న కాలంలో. ఒక చిన్న ముచ్చట. ఈ సైడెన్‌స్ట్రికర్ సొంత చెల్లెలే పెర్ల్ బక్. ఇద్దరూ చైనాలో పనిచేసిన మిషనరీ దంపతుల బిడ్డలు. అన్న వ్యాసం అచ్చయిన 1931లోనే చెల్లెలి "గుడ్ ఎర్త్" నవల వచ్చింది. చైనా రైతు ఇంట్లో కరువు ఏం చేస్తుందో ఆమె రాసింది. అమెరికా పేదవాడి ఇంట్లో జ్వరం ఏం చేసిందో ఆయన పట్టికల్లో రాశాడు. చెల్లెల్ని ప్రపంచమంతా చదివింది. అన్న పేరు ప్రజారోగ్య చరిత్రకారులు తప్ప ఎవరూ తలుచుకోరు. ఇందులో అన్యాయమేమీ లేదు, పట్టిక నవల కాదు గదా. కాని ఇద్దరి వస్తువూ ఒక్కటేనన్నది సాహిత్య విద్యార్థులు గమనించదగ్గ విషయం.

ఆ నాలుగు మాటల గడి ఫారంలోకి ఊరికే రాలేదు. 1916లో దక్షిణ కరొలినా రాష్ట్రంలో ఏడు నూలుమిల్లు గ్రామాల్లో సైడెన్‌స్ట్రికర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరుతో కలిసి పనిచేశాడు. పెల్లాగ్రా అనే జబ్బు ఆనాడు అమెరికా దక్షిణాన ప్రజారోగ్యానికి పెద్ద గండం. ఒళ్ళంతా పొక్కి, విరేచనాలై, చివరకు మతి చలించి మనుషులు పోయేవారు. ఇది అంటువ్యాధి అనీ, పారిశుధ్యం లేక వస్తుందనీ, జాతి లక్షణమనీ రకరకాల వాదనలుండేవి. గోల్డ్‌బర్గర్ తిండిని అనుమానించాడు. వీళ్ళు మిల్లు కార్మికుల ఇళ్ళ చుట్టూ పదిహేనేసి రోజులకొకసారి తిరిగి ఎవరి చర్మం పొక్కిందో చూశారు. ఏ ఇంట్లో ఎంత కొన్నారో, ఎంత తిన్నారో, పదిహేను రోజుల రాబడి ఎంతో రాసుకున్నారు. మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, బెల్లపు పాకం - కార్మికుల ఇళ్ళలో తిండి చాలావరకు ఇంతే. రాబడి పెరిగేకొద్దీ పాలూ మాంసమూ పెరిగాయి, పెల్లాగ్రా తగ్గింది. 1920లో అచ్చయిన వారి వ్యాసం శీర్షికలోనే "కుటుంబ ఆదాయం" అన్న మాట వుంది. వైద్య వ్యాసం శీర్షికలో అలాంటి మాట కనిపించడం ఆనాటికి వింతే.

దక్షిణాది నాయకులకు ఇది రుచించలేదు. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ దక్షిణాదిలో కరువూ వ్యాధీ వున్నాయని ఆదుర్దా ప్రకటిస్తే, మా రాష్ట్రాల పరువు తీస్తున్నారని వాళ్ళు విరుచుకుపడ్డారు. జబ్బు వుందని ఒప్పుకోవడానికి ఎవరికీ అంత అభ్యంతరం వుండదు. జబ్బు జీతంలో వుందని ఒప్పుకోవడం కష్టం.

ఈ సందర్భంలో మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. హైదరాబాదులో, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వున్న ప్రయోగశాలలో, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దక్కను ప్రాంతపు జొన్నకూటి పేదల్లో పెల్లాగ్రాను పరిశీలించి 1960లో వ్యాసం ప్రకటించారు. మొక్కజొన్న తినని చోట కూడా ఆ జబ్బు ఎందుకొస్తున్నదన్నది వాళ్ళ ప్రశ్న. జొన్నలోని ల్యూసిన్ కారణం కావచ్చునన్నారు. దానిమీద శాస్త్రవేత్తల మధ్య వాదోపవాదాలు నడిచాయి. నాకు ముఖ్యమైంది అది కాదు. మూడుపూటలా జొన్న తప్ప మరొకటి ఎరగని ఇల్లు ఎవరిదో తెలంగాణ పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు.

అయితే ఇంటిని ఒకే ముద్దగా చూడటంలో ఒక మోసం వుంది. గోల్డ్‌బర్గర్ బృందం తిండినీ రాబడినీ పంచి లెక్కకట్టడానికి "వయోజన పురుషుడు" అన్న ప్రమాణం పెట్టుకుంది. మగవాడు ఒకటైతే ఆడది అందులో భిన్నం, పిల్లలు ఇంకా చిన్న భిన్నం. తీరా చూస్తే పెద్దవాళ్ళలో జబ్బు ఎక్కువగా పడింది బిడ్డల్ని కనే వయసు స్త్రీలమీద. ఆఖరున మిగిలింది తినే ఆనవాయితీ అక్కడా వుండివుంటుందని నా అనుమానం. భిన్నంగా రాసినవాళ్ళకే జబ్బు నిండుగా వచ్చింది.

ఇక మన దేశం సంగతి. 1918లో ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది చనిపోయింది ఇక్కడే. ఎంతమంది? మొదట సర్కారువారు చెప్పిన లెక్క 60 లక్షల చిల్లర. 1921 జనాభా లెక్కలవాళ్ళు దాన్ని 1 కోటి 20 లక్షల నుంచి 1 కోటి 30 లక్షలకు పెంచారు. తర్వాతి పరిశోధకుల్లో కొందరు 1 కోటి 70 లక్షలకు పైన అన్నారు. అంటే మొదటి లెక్కకూ ఈ లెక్కకూ మధ్య కోటి ప్రాణాల తేడా. ఇంత తేడా ఎట్లా వచ్చింది? ఇక్కడ ఇంటింటి సర్వే లేదు. పల్లెలో చావులు రాయవలసినవాడు మద్రాసు రాజధానిలో గ్రామ మునసబు, ఉత్తరాదిన చౌకీదారు. వాళ్ళ పుస్తకంలో కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు అంటూ కొన్ని గళ్ళుండేవి. ఇన్‌ఫ్లుయెంజా చావులు చాలావరకు "జ్వరాలు" అన్న గడిలో పడిపోయాయి. రాసేవాడే జ్వరంతో పడుకున్న వూళ్ళలో, లేదా పోయిన వూళ్ళలో, ఆ గడీ ఖాళీయే. మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎక్కువగా పోయారని మాత్రం ఆ అరకొర లెక్కల్లోనే తేలింది.

ఒక్క బొంబాయి నగరంలో మాత్రం ఇంకొక సంగతి బయటపడింది. అక్కడ మరణాల నమోదులో కులమూ మతమూ రాసేవారు. ఆ మహమ్మారిలో వెయ్యిమందికి యూరోపియన్లు 8.3, పార్సీలు 9, సవర్ణ హిందువులు 18.9 చొప్పున పోతే, ఆ పట్టిక "తక్కువ కులాలు" అని పిలిచిన హిందువులు 61.6 చొప్పున పోయారు. అమెరికాలో గుమ్మం దగ్గర నిలబడి కంటితో కొలిచిన అంతరాన్ని మన దేశంలో కులం గడే కొలిచింది. వర్గమూ కులమూ విడివిడిగా వుంటాయని వాదించే మిత్రులు ఈ ఒక్క పట్టిక ముందు కాసేపు కూర్చుంటే బాగుంటుంది.

మన పల్లెల్లో ఇంటింటి సర్వే ఎందుకు లేదంటే వలస ప్రభుత్వానికి శ్రద్ధ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఇంటి గడప దాటి రాజ్యం లోపలికి వచ్చిన అనుభవం జనానికి అప్పటికే ఒకటుంది. ప్లేగు రోజుల్లో పూనాలో సోల్జర్లు ఇళ్ళలో జొరబడి, రోగుల్ని లాక్కుపోయి, సామాన్లు తగలబెట్టారు. 1897 జూన్ 22న ప్లేగు అధికారి రాండ్ మీద చాపేకర్ సోదరులు కాల్పులు జరిపిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఏడే వచ్చిన అంటువ్యాధుల చట్టం కింద 2020లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆంక్షలు ప్రకటించాయి. తలుపు తట్టినవాడు పోలీసో డాక్టరో తెలియని చోట ఏ ఇల్లూ నిజం చెప్పదు.

ఫారం లేని చోట రచయితే సాక్షి అయ్యాడు. హిందీ కవి నిరాలా ఆ జ్వరంలో భార్యనూ, ఇంట్లో మరికొందర్నీ పోగొట్టుకున్నాడు. శవాలతో నిండిన గంగను "కుల్లీ భాట్"లో తలుచుకున్నాడు. మన అభ్యుదయ రచయితల సంఘం తొలి నిర్మాతల్లో ఒకడైన అహ్మద్ అలీ 1940లో వచ్చిన "ట్వైలైట్ ఇన్ ఢిల్లీ"లో ఆ రోజుల ఢిల్లీని చూపించాడు. ఈ రచనలు లేకపోతే కోటికి పైబడిన చావులు మనకు "జ్వరాలు" అన్న ఒక్క మాటగానే మిగిలేవి. అయితే రచయిత తన ఇంటిని చెప్పగలడు, తన వీధిని చెప్పగలడు. పక్క జిల్లాలో కూలి ఇంటికీ భూస్వామి ఇంటికీ చావులో ఎంత తేడా వుందో ఆయన చెప్పలేడు. ఆ పని ఫారం చెయ్యాలి.

బెంగాల్లో ఒకసారి ఈ రెండు పనులూ ఒకే కాలంలో జరిగాయి. 1943 కరువు తర్వాత 1944లో మలేరియా, కలరా, మశూచి మీదపడి ఆకలికన్నా ఎక్కువమందిని చంపాయి. 1944-45లో మహలనోబిస్ నాయకత్వాన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పల్లెల్లో నమూనా సర్వే జరిపింది. వాళ్ళ ప్రశ్న చూడండి: 1939 జనవరిలో మీ ఇంటి బతుకుతెరువు ఏమిటి? 1943 జనవరిలో ఏమిటి? 1944 మేలో ఏమిటి? మూడు తేదీల మధ్య ఒక ఇల్లు ఎన్ని మెట్లు దిగిందో, పొలం ఎప్పుడు అమ్ముకుందో, ఎవరు బిచ్చానికి వచ్చారో దానంతటదే కథగా బయటికొస్తుంది. అదే 1944లో ప్రజానాట్య సంఘం కలకత్తాలో బిజన్ భట్టాచార్య "నవాన్న" నాటకం ఆడింది. పల్లె వదిలి నగరం వీధిన పడ్డ రైతు కుటుంబమే దాని వస్తువు. గణాంక శాస్త్రజ్ఞుడూ నాటక రచయితా ఒకరినొకరు సంప్రదించుకుని రాసినట్టుంటుంది గాని, అలాంటిదేమీ లేదు. ఇద్దరూ ఆ ఇంటికేం జరిగిందని అడిగారు, అంతే.

2020 ఏప్రిల్ 23న అమెరికా జనాభా లెక్కల శాఖ "హౌస్‌హోల్డ్ పల్స్ సర్వే" మొదలుపెట్టింది. పల్స్ అంటే నాడి. తీరిగ్గా ఏళ్ళ తర్వాత అచ్చువేసే లెక్కలు కాకుండా, వారం వారం సంసారాల నాడి పట్టిచూడాలన్నది ఉద్దేశం. ఎన్యూమరేటరు లేడు, తలుపు తట్టడం లేదు. ఈమెయిలూ ఫోను సందేశమూ వెళతాయి, ఇంటర్నెట్‌లో జవాబివ్వాలి. జ్వరం గురించి కాకుండా జ్వరం చుట్టూ వున్న బతుకు గురించి అడిగారు. మార్చి 13 తర్వాత మీ ఇంట్లో ఎవరి సంపాదనైనా పోయిందా? పోయిన నెల అద్దె కట్టారా? వచ్చే నెల కట్టగలమన్న నమ్మకముందా? వైద్యం వాయిదా వేశారా? దిగులుగా వుంటున్నదా? మొదటి వారం జవాబుల్లోనే నూటికి 47 మంది వయోజనులు తమకో, ఇంట్లో మరొకరికో పని రాబడి పోయిందన్నారు.

తిండి గురించిన ప్రశ్న నాకు ఆసక్తి కలిగించింది. గత ఏడు రోజుల్లో మీ ఇంటి తిండి ఎలా వుందంటూ నాలుగు జవాబులిచ్చారు. కావలసినవి కావలసినంత తిన్నాం, కడుపు నిండింది గాని కోరుకున్నవి కావు, ఒక్కోసారి చాల్లేదు, తరచూ చాల్లేదు. 1918లోనూ నాలుగు మాటలే. అప్పుడు వచ్చినవాడు చూసి రాశాడు, ఇప్పుడు ఇంటి మనిషి తనంతట తాను గుర్తుపెట్టుకుంటుంది. "నిరుపేద" అని ఎవరో ముద్రవెయ్యడానికీ, "తరచూ చాల్లేదు" అని తానే చెప్పడానికీ మధ్య వందేళ్ళ దూరం వుంది. ఇది చిన్న మార్పేమీ కాదు.

కాని మెచ్చుకోవడానికీ హద్దుంది. జవాబిచ్చినవారు చాలా వారాల్లో నూటికి పదిమందిలోపే. ఇంటర్నెట్ లేనివాడు, ఫోను నంబరు మారినవాడు, ఇల్లే పోయినవాడు జవాబు ఎట్లా ఇస్తాడు? జనాభాకు సరిపోయేట్టు లెక్కల్ని సరిచేశామని శాఖ చెప్పుకుంది. గణితంతో సరిదిద్దవచ్చు. అడగనివాడి నోటి మాట గణితంతో రాదు. సంపాదన పోయిన ఇళ్ళ లెక్క వారం వారం అచ్చవుతూనే వుంది, అద్దె కట్టలేని ఇళ్ళూ అలాగే వున్నాయి. నాడి చూడటం ఒకటి, మందు ఇవ్వడం ఒకటి. అయినా 2024 దాకా ఆ సర్వే అదే పేరుతో సాగింది, ఆ లెక్కలు ఎవరైనా తీసి చూడవచ్చు.

మన దగ్గర ఇంటింటి సర్వే జరగలేదా అంటే జరిగింది. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం జ్వర సర్వే మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆశా కార్యకర్తలు, వలంటీర్లు దఫదఫాలుగా తిరిగారు. దాన్ని నేను తక్కువ చెయ్యను. ఆస్పత్రుల్లో మంచాలు దొరకని రోజుల్లో మందుల పొట్లం గడపలోకి తెచ్చిచ్చింది వాళ్ళే. మా వీధికి వచ్చిన ఆశా అమ్మాయి గేటు బయటే నిలబడి, "సార్, ఇంట్ల ఎవరికన్న జెరం గిట్ట ఉన్నదా?" అని అడిగి, లేదంటే లేదని రాసుకుని పక్కింటికి పోయింది. పక్కింటి వాటాలో ఆటో తోలే కుర్రవాడు. రెండు నెలలుగా బండి కదల్లేదు. అతనికీ జ్వరం లేదు. ఆ అమ్మాయి పుస్తకంలో మా రెండిళ్ళూ ఒక్కటే. ఆమెకు నెల జీతం లేదనీ, పనినిబట్టి వచ్చే పారితోషికమేననీ కూడా ఆ పుస్తకంలో రాసుకునే చోటు లేదు.

అసలు చిక్కు ఇంకొకచోట వుంది. ఇంటి సర్వేకు మొదట ఇల్లుండాలి. 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. అందులో సుమారు 1,200 మంది. వీళ్ళు ఇక్కడ వుండగా వీళ్ళది షెడ్డు, ఇల్లు కాదు. అక్కడి ఇంట్లో వీళ్ళు లేరు. దారిలో వున్నప్పుడు ఏ ఫారంలోనూ లేరు. 1944 ప్రశ్న - మొన్న ఏం చేసేవారు, నిన్న ఏం చేసేవారు, ఇవాళ ఏం చేస్తున్నారు - వీళ్ళను ఆపి అడగవలసిన ప్రశ్న అదే.

ఆ సెప్టెంబరు 14న లోక్‌సభలో కార్మికశాఖ మంత్రి రాతపూర్వకంగా జవాబిచ్చారు. సొంత రాష్ట్రాలకు తిరిగివెళ్ళిన వలస కార్మికులు 1 కోటి 4 లక్షల పైచిలుకు అన్న లెక్క అందులో వుంది. వాళ్ళలో ఎందరు చనిపోయారన్నదానికి అలాంటి వివరాలు నిర్వహించడం లేదన్నారు. నాలుగు రోజుల తర్వాత రాజ్యసభలో రైల్వే మంత్రి, శ్రామిక రైళ్ళలో ప్రయాణిస్తూ సెప్టెంబరు 9 దాకా 97 మంది చనిపోయారని చెప్పారు. రైల్లో పోయినవాడి లెక్క రైల్వేకు దొరికింది. పెట్టె వుంది, స్టేషనుంది, స్టేషనులో పోలీసు పుస్తకముంది. నాగపూర్ రోడ్డు పట్టుకుని నడిచిపోయినవాళ్ళకు ఆ మూడింట్లో ఒక్కటీ లేదు.